తలుపుల వాటా

311వ రోజు

చైనీస్ ఎలా నేర్చుకుంటున్నామో ఈ రోజు నుంచి రాసి పెట్టాలని థావ్ టీచర్ హుకుం జారీ చేసింది. ఏం నేర్చుకున్నామన్నది ఆవిడకు అక్కర్లేదట, ఎలా నేర్చుకున్నామన్నదే కావాలట. సొంత భాషలో రాసుకోవచ్చు. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. గురువారం తెరమీద కనిపించినప్పుడు పేజీ నిండిందా లేదా అని చూస్తుంది, అంతే. కాబట్టి ఇందులో గొప్పలు రాసుకుని నాకు ఒరిగేదేమీ లేదు.

నా పేరు తెప్పల పోలేశ్వరి. నీటి అడుగున వెల్డింగ్ నా పని. సముద్రంలో మూడు వందల మీటర్ల లోతులో, పెద్ద స్టేషనుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చివరి గదిలో ముగ్గురం ఉంటాం. అమ్మోజీ నేనూ ఒకే రోజు దిగాం. తను గ్రైండింగ్ చేస్తుంది, నాకంటే పదేళ్లు చిన్నది. దానయ్య మావ మా తర్వాత ఆరు నెలలకు వచ్చాడు. వంట, సరుకులు, మందుల పెట్టె ఆయన చేతిలో ఉంటాయి. పని సూటు వేసుకుని ఏడు గంటలు నీళ్లలో, మిగతా కాలమంతా ఈ ఇనుప డబ్బాలో. నిలువునా పద్నాలుగు అడుగులు, అడ్డంగా ఆరు.

ఇక్కడ తలుపులకు పిడి ఉండదు. చైనీస్‌లో అడగాలి. ఒకప్పుడు చెవిలో అనువాదం చేసే బిళ్లలు పెట్టుకుని దిగేవారట. ఏదో స్టేషనులో బిళ్ల ఒకదానికి ఒకటి చెప్పి పదిహేనుమంది పోయాక వాటిని తీసేశారు. ఇప్పుడు మనిషి తన నోటితో అడిగితేనే తలుపు కదులుతుంది. తలుపుల్లోంచి మాట్లాడే గొంతుకు మేం అత్త అని పేరు పెట్టుకున్నాం. ఎంత పద్ధతిగా అడిగినా ఏదో వంక పెట్టి మళ్లీ చెప్పమంటుంది మరి.

314వ రోజు

డాక్టరు తెరమీద నా ఎముకల ఫోటో చూపించింది. ఎడమ తుంటిలో చిన్న మచ్చ. ఈ ఒత్తిడిలో ఎక్కువకాలం ఉన్నవాళ్లకు వస్తుందట. ఇప్పుడు పైకి వచ్చేస్తే అక్కడితో ఆగుతుంది, రాకపోతే ఆ ఎముక పుచ్చిపోతుంది, మళ్లీ కాలు మీద నిలబడి పని చేయలేవు అని చెప్పింది. ఎంత నెమ్మదిగా చెప్పిందంటే నాకు ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

పైకి వెళ్లడానికి నాలుగు వందల రోజులు గడువు. అది దాటితే ఒళ్లు ఈ లోతుకు కుదిరిపోతుంది, మళ్లీ ఇంకో నాలుగు వందలు నిండేదాకా కదపరు. 399వ రోజున మనుషుల్ని పైకి తీసుకెళ్లే తొట్టి వస్తుంది. ఇద్దరికి చోటుంటుంది, నాకూ అమ్మోజికీ సరిపోతుంది. కానీ ఒంట్లో ఒత్తిడి మెల్లగా దిగేదాకా పదకొండు రోజులు ఆ తొట్టిలో మూసుకుని ఉండాలి. ఎక్కడ నొప్పి వచ్చినా పైవాళ్లకు చైనీస్‌లోనే చెప్పుకోవాలి. అందుకని భాషలో మూడో మెట్టు దాటనివాళ్లను ఎక్కించరు. అమ్మోజీ నేనూ రెండో మెట్టు మీదున్నాం. దానయ్య మావది ఒకటో మెట్టు.

322వ రోజు

మేం నేర్చుకున్న పద్ధతి గురించి రాయాలి గనక రాస్తున్నాను. మా ఊళ్లలో వేట నుంచి పడవ వచ్చాక చేపను వాటాలు వేస్తారు. పడవకొకటి, వలకొకటి, మనిషికొకటి. వాటా వేసుకోకుండా మాకు ఏ పనీ చేతకాదు. ఇక్కడికి దిగిన కొత్తలో రెండున్నర వేల వాక్యాల పుస్తకం చేతికిచ్చి నేర్చుకోమంటే అమ్మోజీ నేనూ ముఖాలు చూసుకుని, చేపల్లాగే కుప్పలు పోశాం. తలుపులు, గాలి, నీళ్లు నా వాటా. మనుషులు, వేళలు, యోగక్షేమాలు అమ్మోజి వాటా. మావ వచ్చాక తిండీ మందులూ ఆయనకిచ్చాం. నమస్కారం, క్షమించండి, మళ్లీ చెప్పండి లాంటివి పడవ వాటా, అవి అందరికీ రావాలి.

బ్రహ్మాండంగా నడిచింది. మొదటి రెండు మెట్ల పరీక్షలు గదికొకటే పెట్టారు; మావ వచ్చేసరికి మా మొదటిది అయిపోయింది కాబట్టి రెండోదాంట్లో కూర్చున్నా ఆయనకు ఒకటో మెట్టే వేశారు. ప్రశ్న ఎవరి వాటాలోదైతే వాళ్లు జవాబు చెప్పేవాళ్లు. ముగ్గురం కలిస్తే ఒక పూర్తి మనిషికి సరిపడా చైనీస్ ఉంది. విడిగా ఎంతుందో ఎవరం తూచుకోలేదు.

329వ రోజు

తూచారు. మూడో మెట్టు ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అడుగుతారట. థావ్ టీచర్ ఈ రోజు నమూనా పరీక్ష పెట్టింది. పొద్దున్న ఏం తిన్నావు అని అడిగింది. నేను నోరు తెరిచి, గాలి గొట్టంలో ఒత్తిడి సరిగానే ఉంది అన్నాను. నాకు వచ్చినవాటిలో మర్యాదగా వినబడేది అదే. దానయ్య మావ అవతల మూతి మూసుకుని నవ్వాడు. తర్వాత ఆయన్ని గంట ఎంతైంది అని అడిగితే, ఉప్పు తక్కువైంది అన్నాడు.

టీచర్ నవ్వలేదు. "మీ ముగ్గురూ కలిసి ఒక మంచి విద్యార్థి" అంది. తర్వాత రెండో వాక్యం ఇంకా నెమ్మదిగా చెప్పింది. "కానీ తొట్టిలోకి మనుషులు ఎక్కుతారు, గదులు ఎక్కవు."

తెర ఆరిపోయాక ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. రోజుకో గంట ఒకరు తన వాటా మిగతావాళ్లకు చెప్పాలి. ముందు అమ్మోజి, తర్వాత మావ, చివర నేను.

337వ రోజు

అమ్మోజి దగ్గర చదువు వింతగా ఉంది. నేను ఏ మాటైనా చీటీ మీద రాసి వస్తువుకు అతికిస్తాను, వందసార్లు చూస్తాను, వేలితో గాలిలో గీస్తాను, వచ్చేస్తుంది. తనకు కాగితంతో పనిలేదు. ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒక మనిషి నోట్లో పెట్టుకుంటుంది. ఆలస్యమైంది, త్వరగా రా అన్నది వాళ్ల పెద్దమ్మ అంటుందట. నాకేం తెలియదు అన్నది వాళ్ల మేస్త్రీ అంటాడట. వాళ్ల ముఖాలు పెట్టి, చేతులు తిప్పి చూపిస్తుంది. చైనీస్ మాట్లాడే అమ్మోజి పెద్దమ్మను చూసి నవ్వీ నవ్వీ పక్కటెముకలు నొప్పి పుట్టాయి.

"నవ్వు తర్వాత నవ్వుదువు గాని, ముందు నువ్వను అక్కా" అంటుంది. తప్పు చెబితే విసుక్కోదు, తనే మళ్లీ పెద్దమ్మ అయిపోతుంది. గంట అనుకున్నది రెండు గంటలు చెప్పింది. తన పని సూటు ఆరబెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

348వ రోజు

మావ వాటా కూడా లాగేశాను. ఆయన పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. పెద్ద స్టేషనులో సరుకులు పంపే, పేరు మా అయినందుకు మేం మాయన అని పిలుచుకునే మనిషితో రోజూ ఫోనులో పోట్లాడి నేర్చుకున్నాడు. బియ్యం తగ్గిందని, నూనె పాతదని, ఆ వంకాయలు మీ ఇంట్లో మీరు తింటారా అని. అర్థం కానప్పుడు గొంతు పెంచితే అవతలివాడు నెమ్మదిగా చెబుతాడట, అదే తన పద్ధతట. మాయనకు మావ అంటే ప్రాణం. ఒకరోజు పోట్లాట లేకపోతే ఒంట్లో బాగుందా అని ఆయనే ఫోను చేస్తాడు.

నమూనా పరీక్షలో ఈసారి నాకు వందకు అరవై ఎనిమిది. గడువుకు ఇంకా యాభై రెండు రోజులుంది. తుంటి మెట్లెక్కేటప్పుడు మాత్రమే పోటు పెడుతోంది.

355వ రోజు

చెప్పడం నా వంతు వచ్చి వారమైంది. మొదటిరోజు కూర్చోబెట్టాను. చీటీలు అతికించి, ఇది గాలి గది తలుపు, ఇది చలి గది తలుపు, దీన్ని ఇలా అడగాలి అని చెప్పాను. మావ చీటీ తిరగేసి చూశాడు. అమ్మోజి, "ఇది ఎవరంటారక్కా?" అని అడిగింది. ఎవరూ అనరు, తలుపుతో మనమే అంటాం అన్నాను. ఆ మాట తనకు పట్టుబడలేదు. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి నేనే లేచి అడిగేశాను, తలుపు తెరుచుకుంది, పనిలో పడ్డాం.

ఆ మర్నాడు నా చదువు ఉందన్నాను. దాని మర్నాడు తుంటి అన్నాను. నిజం చెప్పాలంటే చెప్పి చెప్పి చూసేకంటే నేను తీసేస్తే చిటికెలో పని. ఇంకా నిజం చెప్పాలంటే, "అక్కా, తలుపు" అని గదిలో ఏ మూల నుంచి ఎవరు పిలిచినా నాకు బాగుంటుంది. అత్త నా మాటొక్కటే ఒక్కసారికి వింటుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. తలుపు తీసేవాళ్లు మాత్రం ఎవరికీ లోకువ కారు.

366వ రోజు

నాలుగు రోజుల క్రితం మావ చలి గదిలో ఇరుక్కుపోయాడు. నేను తీసి ఉంచి వెళ్లిన తలుపులోంచి చేపల పెట్టె కోసం వెళ్తే వెనక అది పడిపోయింది. అమ్మోజీ నేనూ నీళ్లలో ఉన్నాం. నలభై నిమిషాలు. మేం తిరిగి వచ్చి గాలి గదిలో సూటు విప్పుతుంటే ఇనుప గోడలోంచి గుద్దుతున్న చప్పుడు వినబడింది. నేను ఒక్క వాక్యం అన్నాను, తెరుచుకుంది. మావ గెడ్డం మీద తెల్లగా మంచు పొడి, కుడిచేతి వేళ్లు రెండు నల్లబడ్డాయి.

దుప్పట్లు కప్పి వేడినీళ్లు పట్టాక గానీ ఆయనకు మాట రాలేదు. "బియ్యం కావాలన్నాను. జ్వరమన్నాను. కడుపులో నొప్పన్నాను. నాకొచ్చినవన్నీ సెప్పీసేనే అమ్మీ. తలుపొక్కటీ రాదు గదా. ఆకర్న తెలుగులో తియ్యవే తల్లీ అని ఏడిసేను" అన్నాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మూడు రోజులు కూర్చోబెట్టి మావకు చలి గది తలుపు నేర్పాను. మాయనతో పోట్లాడినట్టు అత్తతో పోట్లాడు మావా అంటే చాలా తొందరగా పట్టాడు. అమ్మోజి పక్కనే కూర్చుని చూసింది.

"నాకూ సెప్పక్కా, పరీచ్చలో మూడు తలుపులు అడుగుతారంట" అంది.

"నా చదువు అయ్యాక" అన్నాను.

374వ రోజు

నమూనా పరీక్షలో ఎనభై ఒకటి. అమ్మోజికి అరవై రెండు. డెబ్బై వస్తేనే మెట్టు దాటినట్టు. తలుపుల దగ్గర తనకు సున్నాలు. మళ్లీ అడిగింది. ఈ గురువారం తప్పకుండా అన్నాను. గురువారం తుంటి పోటుతో లేవలేకపోయాను. ఆ పోటు నిజమే. కానీ పడుకుని కూడా నోటితో చెప్పొచ్చు. నేను పడుకుని నా పాఠం చదువుకున్నాను. నాకు భయంగా ఉంది. ఇక్కడ పుచ్చిపోయిన కాలుతో మంచమెక్కుతానేమోనని రోజంతా అదే భయం, దాంట్లో వేరేవాళ్లెవరూ కనబడటం లేదు.

388వ రోజు

పరీక్ష అయింది. ముగ్గురు పరీక్షకులు తెరమీద కూర్చున్నారు. నన్ను మీ వీధిలో మనుషుల గురించి చెప్పమన్నారు. అమ్మోజి పెద్దమ్మ, అమ్మోజి మేస్త్రీ నా నోట్లోంచి గడగడా వచ్చేశారు. పరీక్షకుల్లో ఒకాయన నవ్వాడు కూడా. తర్వాత ఏం వండుతావు, ఎక్కడ నొప్పి, అన్నీ చెప్పాను. మూడు తలుపులూ మూడు సార్లకు తీశాను. ఎనభై తొమ్మిది.

అమ్మోజికి అరవై ఆరు. మాటల్లో నాకంటే ఎక్కువ వచ్చాయి. తలుపుల దగ్గర గాలి గది ఒక్కటే తీసింది, మిగతా రెండింటి ముందు నిలబడిపోయింది. మళ్లీ పరీక్ష అరవై రోజుల తర్వాత. అంటే తన గడువు దాటిపోయాక. అంటే ఇంకో నాలుగు వందలు.

తను ఏడవలేదు. సూటు ఆరబెట్టుకుంది. "నీకొచ్చింది గదా, అదే సాలు" అంది. నేను ఏదో అనబోయాను. నాకిప్పుడు మూడు వాటాల చైనీస్ వచ్చు, తెలుగు పుట్టుకతోనే వచ్చు. అయినా తన సూటు రెండో కొస పట్టుకోవడం తప్ప ఏమీ చేతకాలేదు.

390వ రోజు

థావ్ టీచర్ ప్రయాణం పద్ధతి వివరించింది. నేను తొట్టిలోకి ఎక్కి కూర్చున్నాక గదివైపు తలుపు మూయాలి. ఆ మాట గదిలో ఉండిపోయేవాళ్లు చెప్పాలి. రెండో మెట్టు దాటినవాళ్లే చెప్పాలి. లోపలున్నవాళ్లు ఒక్క ముక్క అందించినా చెల్లదు. తొట్టి ఖాళీగా వెళ్లిపోతుంది.

మూడు వందల తొంభై రోజులుగా ఈ గదిలో ప్రతి తలుపూ నేనే తీశాను, నేనే మూశాను. నన్ను పంపే తలుపు ఎవరు మూస్తారని ఒక్కరోజు కూడా అనుకోలేదు. రెండో మెట్టు దాటింది ఇక్కడ నేను కాక అమ్మోజి ఒక్కతే. మావ కుదరడు.

తొమ్మిది రోజులుంది. ఇప్పుడు నేనే అమ్మోజి దగ్గరకెళ్లి, నేర్పిస్తాను, నేర్చుకుంటావా అని అడగాలి. అడగడానికి నాకు పూటంతా పట్టింది.

393వ రోజు

తను నేర్చుకుంటానంది. మొదటి రెండు రోజులూ నా పద్ధతిలోనే చెప్పాను. చీటీలు రాశాను, గాలిలో గీశాను, వందసార్లు అనిపించాను. లోపల ఒకరు, తలుపు సీలు సరిగా ఉంది, ఒత్తిడి సమానం, మూయవచ్చు. నాలుగే వాక్యాలు. మొదటిది వస్తే మూడోది పోతుంది. నాకు చెమట్లు పట్టాయి, గొంతు లేచింది.

"ఎందుకు రాదే నీకు? నాలుగు ముక్కలు!"

"అరవకక్కా. ఇనుప తలుపుకి నానేటి సుట్టాన్నా? ఎవరితో అంటన్నానో తెలీకపోతే నాకు నోరు రాదు" అంది.

మావ పప్పు కలుపుతూ అక్కడి నుంచే అన్నాడు. "అది నీకలగే నేర్పింది గదే అమ్మీ, మనుసుల్ని పెట్టి. నువ్వు దానికి సీటీలు పెడతావేటి?"

గరిట పుచ్చుకుని నెత్తిన కొట్టినా నాకు అంత తగిలేది కాదు. అరవై రోజుల క్రితం నవ్వుకుంటూ చూసిన సంగతే. చీటీలు చింపేశాను. నేను అత్తనై తలుపు దగ్గర నిలబడ్డాను. చీర కొంగు లేదు గనక తువ్వాలు భుజాన వేసుకున్నాను. "ఎవర్తివే నువ్వు? లోపలెవరు? పంపుతున్నావా, తరిమేస్తున్నావా?" అని చైనీస్‌లో ముక్కు విరిచాను. అమ్మోజి పకపకా నవ్వి, నడుం మీద చెయ్యేసుకుని, నాలుగు వాక్యాలూ వరసగా అనేసింది. ఈ గదిలో మూడు వారాల తర్వాత నవ్వడం అదే.

నాలుగు వాక్యాలకు గంటన్నర పట్టింది. మూడు తలుపులకు ఎన్ని గంటలు పట్టేవో లెక్క కట్టాను. కట్టకుండా ఉండాల్సింది.

397వ రోజు

అమ్మోజి పదిసార్లకు పదిసార్లూ తప్పు లేకుండా చెబుతోంది. గాలి గది, నీటి గది, చలి గది కూడా నేర్చేసుకుంది. ఇప్పుడు పరీక్ష పెడితే దాటుతుంది. ఇప్పుడు పెట్టరు. థావ్ టీచర్‌ను బతిమాలాను. ఆవిడ పెద్ద స్టేషనుకు రెండుసార్లు రాసింది, కుదరదన్నారు. తిరిగి తెరమీదకు వచ్చినప్పుడు ఆవిడ కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి.

అన్నాలయ్యాక అమ్మోజితో, నేను కూడా ఉండిపోతాను అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

"ఉండి ఏటి సేస్తావు?" అంది కంచం కడుగుతూ. "తుంటి పోతే నిన్ను పైకీ కిందకీ మొయ్యాల్సింది నానే. నీ పనీ నానే సెయ్యాల. ఎల్లిపో అక్కా. ఒకలన్నా ఎల్లాల గదా."

నేను ఇంకోసారి అనలేదు. ఇంకోసారి అంటే తను సరే అంటుందేమోనని నాకు భయమేసింది. ఇది కూడా రాసి పెడుతున్నాను.

399వ రోజు

తొట్టిలో కూర్చుని రాస్తున్నాను. కాళ్లు చాపుకోవడానికి చోటుంది. పక్క సీటు ఖాళీ. పదకొండు రోజులు ఇలాగే.

పదింటికి తొట్టి వచ్చి గదికి అతుక్కుంది. మావ కట్టు కట్టిన చేత్తో నాకు కారప్పొడి పొట్లం ఇచ్చాడు. అమ్మోజి నా సూటు పట్టీలు బిగించింది, ఎడమ కాలు తనే ఎత్తి లోపల పెట్టింది. తర్వాత గదిలోకి వెనక్కి నడిచి అత్త గొంతు వచ్చే గోడ జల్లెడ ముందు నిలబడింది. మా మధ్య రెండు అడుగుల ఎడం, తెరిచి ఉన్న ఒక ఇనుప తలుపు. నేను కింది పెదవి పళ్ల కింద పెట్టుకున్నాను, అలవాటు కొద్దీ నోరు జారి ఏ మాటైనా అందిస్తానేమోనని.

లోపల ఒకరు, అంది అమ్మోజి. తలుపు సీలు సరిగా ఉంది. ఒత్తిడి సమానం. మూయవచ్చు. నాలుగూ వచ్చాయి. గట్టిగా, తొణక్కుండా వచ్చాయి.

తలుపు కదల్లేదు.

అత్త ఒక ప్రశ్న వేసింది. మేం అనుకోని ప్రశ్న. ఎవరినైనా బలవంతంగా వదిలేస్తున్నారేమోనని అడుగుతుందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. "నీకు కూడా ఇది మూడు వందల తొంభై తొమ్మిదో రోజు. ఒక సీటు ఖాళీగా ఉంది. నువ్వెందుకు ఎక్కడం లేదు?"

దీనికి జవాబు నేను నేర్పలేదు. పుస్తకంలోనూ లేదు. మావ దేవుడికి దణ్ణం పెడుతున్నాడు. పరీక్షలో తప్పాను అంటే సరిపోతుంది, అను, అదొక్కటీ అను అని మనసులో వెయ్యిసార్లు అరిచాను.

తను నావైపు చూడలేదు. జల్లెడవైపే చూస్తూ, ఎవరి ముఖమూ పెట్టకుండా, ఎవరి చేతులూ తిప్పకుండా, తన గొంతుతో చెప్పింది.

"ఆమె నాకు ఆలస్యంగా నేర్పింది."

ఒక్క తప్పు లేదు. అత్త రెండోసారి చెప్పమనకుండానే తలుపు మూసింది.